మినికాయ్ లైట్‌హౌస్‌కు పెద్దవారితో వెళ్లాలనుకునే వారికి

హుజూరాబాద్ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆమె తండ్రిగారికి 68 సంవత్సరాలు, కుడి మోకాలు నొప్పి ఉంది. కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో బ్రిటిష్ కాలంలో కట్టిన లైట్‌హౌస్‌ను ముగ్గురూ చూడాలనుకుంటున్నారు. తండ్రిగారు అన్ని మెట్లు ఎక్కగలరా, ఏ నెలలో వెళ్లాలి, అంత దూరం పోయి చూడదగినంత అందులో ఏముంది అన్నవి ఆమె సందేహాలు.

అమ్మా, మీ ప్రశ్నలో మెట్లు ముందు వచ్చాయి, ఓడ అసలే రాలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. హనుమకొండలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి, సెలవులు దొరికినప్పుడల్లా విశాఖ నుంచి కన్యాకుమారి దాకా లైట్‌హౌస్‌లు చూస్తూ తిరిగిన నేను కూడా మొదటిసారి మెట్ల లెక్కే వేసుకుని బయలుదేరాను. మెట్లు ఎక్కలేనివారు కింద నీడలో కూర్చుని ఆ కట్టడాన్ని తనివితీరా చూడవచ్చు. ఓడ నుంచి చిన్న పడవలోకి దిగలేనివారు మాత్రం దీవి మీద కాలే పెట్టలేరు. మీ నాన్నగారి విషయంలో ముందుగా తేల్చుకోవలసింది ఇదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మినికాయ్ పగడపు దీవి. సుమారు పది కిలోమీటర్ల పొడవున సన్నగా వంగిన నేల, దాని పడమటి వైపు పచ్చటి లోతు తక్కువ నీళ్లు, ఆ నీళ్ల అంచున అలలను విరగ్గొట్టే పగడపు దిబ్బ. యాత్రికులను తెచ్చే పెద్ద ఓడ దిబ్బకు దూరంగా లోతు నీటిలో ఆగినప్పుడు, ఓడ పక్కగోడలో నీటికి కొంచెం పైగా ఉండే తలుపు తెరుస్తారు. దాని కింద మోటారు పడవ వచ్చి ఆనుకుంటుంది. ఓడ పెద్దగా కదలదు గాని పడవ ప్రతి అలకూ మూడు నాలుగు అడుగులు లేచి పడుతుంటుంది. తలుపు దగ్గర ఇద్దరు, పడవలో ఇద్దరు సిబ్బంది నిలబడి, పడవ పైకి లేచిన క్షణంలో మీ రెండు రెక్కలూ పట్టుకుని అటు దాటిస్తారు. వారు చెప్పకముందే కాలు చాపితే పడవ కిందికి జారిపోతుంది. వారు చెప్పాక సందేహించినా అంతే. దూకవలసిన పని లేదు, ఎప్పుడు అడుగు వేయమంటే అప్పుడు వేస్తే చాలు. మా వెంట వచ్చిన డెబ్బై రెండేళ్ల పెద్దాయన ఒకరు, సిబ్బందిని ఏమాత్రం ఎదిరించక తనను తాను వారికి అప్పగించుకున్నారు కాబట్టి, అందరికంటే సులువుగా దాటారు. చేతిలో సెల్‌ఫోను, భుజాన బ్యాగు, మెడలో కెమెరా పెట్టుకున్న కుర్రవాడు రెండుసార్లు వెనక్కి తగ్గాడు.

లక్నవరంలోనో పాకాలలోనో బోటు ఎక్కిన అనుభవం దీనికి లెక్కలోకి రాదు, అక్కడి నీరు లేచి పడే నీరు కాదు. మీకు ఒక పరీక్ష చెబుతాను. మీ నాన్నగారిని నిలిపి ఉంచిన ట్రాక్టర్ ట్రాలీ మీదికి ఎక్కించి దింపి చూడండి. ఇద్దరు పట్టుకున్నా ఫరవాలేదు, కాని దిగేటప్పుడు నొప్పి ఉన్న మోకాలి మీద శరీరం బరువంతా ఒక్క క్షణం మోపగలగాలి. అది చేయగలిగితే ఆయన మినికాయ్ వెళ్లగలరు. చేయలేకపోతే డాక్టరుగారిని అడిగి మోకాలికి చికిత్స చేయించుకుని మరో ఏడాది వెళ్లడం మంచిది. నేను మొహమాటానికి పోయి వేరే మాట చెప్పను.

ఎవరి కాళ్లు ఎంత గట్టివైనా సముద్రం ఒప్పుకోని రోజులు ఉంటాయని కూడా తెలుసుకోండి. నా మొదటి ప్రయాణంలో పొద్దున్నే డెక్కు మీదికి వచ్చేసరికి కొబ్బరి చెట్ల పైన తెల్లటి స్తంభం స్పష్టంగా కనబడుతోంది. కిటికీలు లెక్కపెట్టేంత దగ్గర. అలలు ఎక్కువగా ఉన్నాయని దిగడం వాయిదా వేశారు, మధ్యాహ్నానికి పూర్తిగా రద్దు చేశారు. మూడు గంటల పాటు రెయిలింగు పట్టుకుని ఆ స్తంభాన్ని చూస్తూ నిలబడి, అన్నం కూడా సరిగ్గా తినకుండా వెనక్కి వచ్చాను. లైట్‌హౌస్ లోపలికి వెళ్లింది ఆ తరువాత నాలుగేళ్లకు రెండో ప్రయాణంలోనే. ఇటువంటిది జరిగితే ఎవరి మీదా కోపగించుకోవడానికి ఏమీ ఉండదు. పాపకు ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి.

ఇక కాగితాలు. లక్షద్వీప్‌లోకి మన దేశంలోని ఇతర ప్రాంతాల వారు వెళ్లాలన్నా ప్రవేశ అనుమతి పత్రం ఉండాలి. 1967లో చేసిన నియమాల ప్రకారం ఇది నడుస్తోంది. జనాభా తక్కువ, నేల మరీ తక్కువ అయిన ఆ దీవుల వారి జీవనాన్ని కాపాడడానికి పెట్టినవి ఆ నియమాలు. మొత్తం 36 దీవులు కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో పదో వంతో ఎనిమిదో వంతో ఉంటుందేమో. అనుమతికి మీ పోలీసు కమిషనరేట్ పరిధి నుంచి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ఫొటోలు కావాలి. సర్టిఫికెట్‌లో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. మన వైపు ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనుక, ఒక కార్డులో పొడి అక్షరంగా ఉండడం సర్వసాధారణం కాబట్టి ఈ పని రెండు నెలల ముందే చూసుకోండి. కుటుంబంలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఎవరైనా కలిసి వస్తామంటే వారికి వేరే నిబంధనలు వర్తిస్తాయి, విదేశీ పౌరులను అన్ని దీవులకూ పంపరు. వారిని లెక్కలో కలుపుకుని టికెట్లు కొనవద్దు.

యాత్రికుల ప్యాకేజీలను లక్షద్వీప్ పరిపాలన విభాగానికి చెందిన స్పోర్ట్స్ అనే సంస్థ నడుపుతుంది. ఆటల సంస్థ అనుకునేరు, ప్రకృతి పర్యాటకం కూడా ఆ పేరులోనే ఇమిడి ఉంది. వారి ప్యాకేజీలలో ‘సముద్రం’ అన్నది ఓడలో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులను చూపించే అయిదు రోజుల యాత్ర. పగలు దీవి మీద, రాత్రి ఓడలో. పెద్దవారు ఉన్న కుటుంబానికి నేను దీన్నే సూచిస్తాను, ఎందుకంటే సామాను మోసుకుంటూ తిరగవలసిన పని లేదు. నా మొదటి ప్రయాణంలో ఒక ట్రావెల్ ఏజెంటు ‘అనుమతి నేను చూసుకుంటాను’ అని అడ్వాన్సు తీసుకుని, కొచ్చిలో రేవు దాకా వెళ్లాక మా బృందంలో ఇద్దరి పేర్లు జాబితాలోనే లేవని తేలేలా చేశాడు. వారిద్దరూ అటునుంచి అటే రైలెక్కి వెనక్కి వచ్చారు. అప్పటి నుంచి నేను మధ్యవర్తుల జోలికి పోకుండా అధికారిక మార్గంలోనే దరఖాస్తు చేస్తున్నాను, ఎవరికైనా అదే చెబుతున్నాను. అనుమతి పత్రం చేతికి వచ్చి, అందులో మూడు పేర్లూ కళ్లతో చూసుకున్నాకే రైలు టికెట్టు గురించి ఆలోచించండి.

రైలు సంగతి సులువు. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం తరువాత ఎర్నాకులంలో దిగవచ్చు. ఓడ బయలుదేరేది విల్లింగ్డన్ ఐలాండ్‌లోని లక్షద్వీప్ రేవు నుంచి. ఓడకు ఒక పూర్తి రోజు ముందే కొచ్చి చేరేటట్టు, తిరుగు రైలును ఓడ రావలసిన రోజుకు కనీసం రెండు రోజుల తరువాత ఉండేటట్టు చూసుకోండి. మినికాయ్‌లో విమానాశ్రయం లేదు. అగత్తి దాకా విమానం ఉన్నా, అగత్తి లక్షద్వీప్‌లో ఒక కొస, మినికాయ్ మరో కొస, మధ్యలో తొమ్మిదో డిగ్రీ ఛానెల్ అనే వెడల్పైన సముద్రం. ‘విమానంలో పోయి సాయంత్రానికి తిరిగొస్తాం’ అనే ఆలోచన ఇక్కడ కుదరదు.

కాబట్టి మీకు మొత్తం పది పదకొండు రోజులు కావాలి. సంక్రాంతి సెలవులు సరిపోవు. దసరా సెలవులు రోజుల లెక్కకు సరిపోతాయి గాని, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా ఆ సముద్రంలో వాయుగుండాల బెడద ఉంటుంది. 2017లో ఓఖీ తుపాను డిసెంబరు మొదట్లోనే మినికాయ్‌ను, ఇతర దీవులను కొట్టింది. మే సగం నుంచి సెప్టెంబరు సగం దాకా నైరుతి ఋతుపవనాల కాలం, ఆ నెలల్లో పెద్దవారితో వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. వేసవి సెలవులు మొదలైన వెంటనే, అంటే ఏప్రిల్ చివరి వారంలో, సముద్రం సాధారణంగా శాంతంగానే ఉంటుంది, ఉక్కపోత మాత్రం చాలా ఎక్కువ. నన్ను అడిగితే జనవరి చివర నుంచి మార్చి దాకా అన్నిటికంటే మంచి కాలం. మాస్టారునై ఉండి ఇలా చెప్పకూడదేమో గాని, పాపను ఒక వారం బడి మానిపించండి. వచ్చే ఏడాది పదో తరగతి కాబట్టి అప్పుడు ఎలాగూ కుదరదు.

ఓడలో మొదటి రాత్రి కడుపులో తిప్పుతుంది, అందరికీ కాకపోయినా సగం మందికి. వాంతులు మొదలయ్యాక మాత్ర వేసుకుంటే అది లోపల నిలవదు. ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి, మీ నాన్నగారు వేరే మందులు వాడుతుంటే డాక్టరుగారిని అడిగి వేయాలి. ఓడ ముందు భాగం, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి, మధ్యలో కింది అంతస్తు తక్కువ ఊగుతుంది, కాబట్టి పడకలు కేటాయించేటప్పుడు పెద్దవారి కోసమని ఆ చోటు అడగండి. బీపీ, షుగర్ మాత్రలు నాలుగు రోజులకు సరిపడా ఎక్కువ పెట్టుకోండి. మద్యం ఆ దీవులలో నిషేధం. తీరంలో దొరికే పగడపు ముక్కలను పాప ఎంత ముద్దుపడినా తేనివ్వకండి, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఇప్పుడు మీ మూడో ప్రశ్నకు వస్తాను, నాకు ఇష్టమైన ప్రశ్న కూడా అదే.

మినికాయ్ లైట్‌హౌస్ 1885లో వెలిగింది. అది అక్కడ ఎందుకు ఉన్నదో తెలియాలంటే 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్న సంగతి గుర్తు చేసుకోవాలి. అంతకు ముందు ఐరోపా ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వచ్చేవి. కాలువ తెరిచాక యెమెన్‌లోని ఏడెన్ రేవు నుంచి కొలంబోకు నేరుగా గీత గీసినట్టు ఆవిరి ఓడలు రావడం మొదలైంది, ఆ గీత పక్కనే మినికాయ్ ఉంది. దీవికి ఉత్తరాన తొమ్మిదో డిగ్రీ ఛానెల్, దక్షిణాన మాల్దీవులకు మధ్య ఎనిమిదో డిగ్రీ ఛానెల్. ఓడలు పోయే దారి ఇదే, ఓడలను మింగే దిబ్బ ఉన్నదీ ఇక్కడే. నేల సముద్రానికి కొద్ది మీటర్లే ఎత్తు. పగటిపూట కొబ్బరి చెట్ల తలలైనా కనబడతాయి, రాత్రిపూట దిబ్బ మీద అల విరిగే చప్పుడు ఓడవారికి వినబడేసరికి ఓడ దిబ్బ మీదే ఉంటుంది. అలా పగిలిన ఓడల అవశేషాలు ఆ దీవి చుట్టూ నీటి అడుగున ఇప్పటికీ ఉన్నాయి.

ఆ లైట్‌హౌస్ దీవివారి కోసం కాదు, కనీసం హిందుస్థాన్ రేవుల కోసం కూడా కాదు, దూరం నుంచి దూరానికి పోయే ఓడల కోసం కట్టింది. అందుకే దాన్ని ఇక్కడి ప్రభుత్వం కాక, శ్రీలంక దక్షిణ తీరంలోని గ్రేట్ బాసెస్, లిటిల్ బాసెస్ లైట్‌హౌస్‌లతో పాటు బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ లైట్‌హౌస్ సర్వీసు నిర్వహించింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు అలాగే సాగి, 1956లో మన ప్రభుత్వం చేతికి వచ్చింది. 1947 ఆగస్టు తరువాత కూడా దీపం ఒకరిది, నేల ఒకరిది అయిన చోటు ఇదని నా విద్యార్థులకు చెబితే నమ్మేవారు కాదు.

మీ నాన్నగారికి మాత్రం ఇంకో కథ చెప్పండి, ఓరుగల్లు వైపు వారికి ఇది సొంత కథ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు, తుపానుకు కొట్టుకొచ్చి తమ తీరంలో పగిలిన ఓడల సరుకును తమదిగా లాగేసుకునేవారు. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకులకు ఆ భయం ఉండదని, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం హామీ ఇచ్చింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఏకశిల గుట్ట నీడలో కూర్చున్న రాజు పగిలిన ఓడల గురించి అంతగా ఆలోచించాడు. ఓడ పగిలాక వర్తకుడికి ఏమి మిగలాలన్నది మోటుపల్లి శాసనం పట్టించుకున్న విషయం. ఓడ పగలకుండా చూడడం మినికాయ్ స్తంభం పని. మొదటి ప్రయాణంలో డెక్కు మీద నిలబడిన ఆ మూడు గంటలూ నాకు ఇదే తోచింది.

స్తంభం ఎత్తు సుమారు 47 మీటర్లు, అంటే పదిహేను అంతస్తుల ఇల్లంత. కొన్ని చోట్ల 300 అడుగులని రాస్తుంటారు, నమ్మకండి. 47 మీటర్లు 154 అడుగులే అవుతాయి. ఎత్తుకూ దూరానికీ ఉన్న లెక్క పాపకు నచ్చుతుంది. భూమి గుండ్రం కాబట్టి ఎంత గొప్ప దీపమైనా ఒక దూరం దాటాక నీటి వంపు వెనుకకు పోతుంది. దీపం ఎత్తుకు వర్గమూలం, చూసేవారి కంటి ఎత్తుకు వర్గమూలం, రెండూ మీటర్లలో తీసుకుని కలిపి 3.86తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. దీపం నీటికి 50 మీటర్ల ఎత్తున, చూసేవారి కన్ను ఓడ డెక్కు మీద 9 మీటర్ల ఎత్తున ఉన్నదనుకుంటే సుమారు 39 కిలోమీటర్లు, ఇంచుమించు హనుమకొండ నుంచి పరకాల దాకా. అదే దీపాన్ని కొబ్బరి చెట్టంత ఎత్తున, 20 మీటర్ల దగ్గర పెట్టి ఉంటే 29 కిలోమీటర్లకే ఆగిపోయేది. ఆ పది కిలోమీటర్ల తేడా ఆవిరి ఓడకు దాదాపు అరగంట. చుక్కాని తిప్పుకోవడానికి ఆ అరగంట చాలు.

లైట్‌హౌస్‌లలో అసలు చూడవలసింది స్తంభం కాదు, దాని తలలో ఉండే గాజు. ఒక దీపం నలుదిక్కులకూ, ఆకాశానికీ, నేలకూ వెలుగు పారబోస్తుంది. సముద్రం వైపు పోయేది అందులో కొద్దిపాటే. ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్, మందపాటి గాజు లెన్సుకు బదులు దాన్ని ఉంగరాలుగా కోసి, లోపలి మందాన్ని తీసేసి, వంపు మాత్రం ఉంచి పేర్చవచ్చునని చూపించాడు. 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో అది మొదట వెలిగింది. దగ్గరగా చూస్తే అడ్డంగా కోసిన పెద్ద ఉల్లిగడ్డ పొరల్లా ఉంటుంది, ప్రతి పొర అంచునా రంగులు విరుగుతుంటాయి. పెద్ద లైట్‌హౌస్‌ల లెన్సు మధ్యలో మనిషి నిలబడి దీపం తుడవవచ్చు. ఆ రోజులలో దీపం అంటే కిరోసిన్‌దే. ఒత్తుల దీపాల తరువాత వచ్చిన పద్ధతిని మీ నాన్నగారికి ఒక్క మాటలో చెప్పవచ్చు: పెండ్లి బరాత్‌లో తల మీద మోసిన పెట్రోమాక్స్ లైటు. కిరోసిన్‌కు గాలి ఒత్తిడి పెట్టి, ఆవిరి చేసి, మ్యాంటిల్‌ను తెల్లగా కాల్చడం రెండింటిలోనూ ఒకటే. ఆ మ్యాంటిల్ చుట్టూ అంత గాజు ఉంటే పెండ్లి వెలుగు నలభై కిలోమీటర్లు పోతుంది.

తూర్పు తీరంలోని ఒక పాత లైట్‌హౌస్‌లో అక్కడి ఉద్యోగి నన్ను లెన్సు పక్కకు పిలిచి, చూపుడు వేలితో దాని ఇత్తడి చట్రాన్ని మెల్లగా నెట్టాడు. టన్నుల బరువున్న ఆ గాజు మేడ, తొట్టెలోని పాదరసం మీద తేలుతూ ఉన్నది కాబట్టి, చప్పుడు లేకుండా కదిలింది. అతను వేలు తీశాక కూడా తిరుగుతూనే ఉంది. ‘కరెంటు మోటారు రాకముందు గడియారం లాంటి యంత్రం తిప్పేది, దాని బరువు గుండు స్తంభం మధ్యలో కిందికి దిగేది, మా ముందటివాళ్లు రాత్రంతా మేలుకుని దాన్ని మళ్లీ పైకి చుట్టేవాళ్లు’ అని చెప్పి, ఆ పాదరసం ఆవిరి మంచిది కాదని నన్ను కిటికీ వైపు నిలబడమన్నాడు. పగలు కిటికీలకు తెరలు ఎందుకు వేస్తారని అడిగితే నవ్వాడు. లోపలి వెలుగును బయటికి పోగుచేసే గాజు బయటి ఎండను లోపలికి కూడా పోగుచేస్తుంది. తెర మరిచిపోతే దీపం ఉన్న చోటు కాలిపోతుంది. అటువంటి ఉద్యోగి దొరికితే వదలకుండా అడగండి. మన వైపు బిడ్డ అంత దూరం నుంచి వచ్చిందంటే వారు సంతోషంగా చెబుతారు.

ఎక్కే విషయం ఇప్పుడు. లోపలి మెట్లు గోడ వెంట తిరుగుతూ పోతాయి. సగం దాకా శ్వాస మీద ఆధారపడిన పని, పై భాగంలో మాత్రం మెట్లు నిటారుగా, ఇరుకుగా, నిచ్చెనలా మారతాయి. మోకాలు నొప్పి ఉన్నవారికి ఎక్కడం కంటే దిగడం కష్టం, అది పైకి పోయాక గాని తెలియదు. మీ నాన్నగారిని కింది గదిలోనో బయటి చెట్టు నీడలోనో కూర్చోబెట్టి మీరూ పాపా వెళ్లండి. పాపను ముందు ఎక్కించి మీరు వెనుక ఎక్కండి, దిగేటప్పుడు మీరు ముందు దిగండి. చుడీదార్ అయితే చున్నీని నడుముకు కట్టుకోండి, చీర వద్దు. సెల్‌ఫోనుకు తాడు కట్టి చేతికి చుట్టుకోండి, ఎందుకంటే పై వరండాలో గాలి మాట వినబడనివ్వదు. ఏ వేళలో లోపలికి అనుమతిస్తారో దీవిలో దిగిన వెంటనే మీ గైడును అడిగి తక్కిన కార్యక్రమాన్ని దాని చుట్టూ అమర్చుకోండి. సాయంత్రానికి ఓడకు తిరిగి చేరాలి కాబట్టి ‘చివర్లో చూద్దాం’ అంటే పోతుంది.

పైనుంచి చూస్తే దీవి మొత్తం ఒక్క చూపులో అందుతుంది. ఒక పక్క ముదురు నీలం, ఒక పక్క పచ్చ, మధ్యలో తెల్లగా అల విరిగే గీత, ఆ గీతే లైట్‌హౌస్ కట్టడానికి కారణం. పాపకు వేలు పెట్టి చూపించండి. దూరాన జనం లేని విరింగిలి అనే చిన్న దీవి కనబడుతుంది. ఒకప్పుడు కుష్ఠురోగులను ఊరి నుంచి వెళ్లగొట్టి అక్కడ ఉంచేవారు. కింద ఊళ్లు పది, ఒక్కొక్క ఊరికీ సొంత పెద్ద. వారి భాష మలయాళం కాదు, మహల్. మాల్దీవుల భాషకు చెందినది, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అటోల్ అని భూగోళ పుస్తకంలో పాప చదివిన మాట ఆ భాష నుంచే ప్రపంచానికి పోయింది. సూర మీనును, అంటే ట్యూనా చేపను, గాలానికి పట్టి, ఉడికించి, పొగ పెట్టి, ఎండబెట్టి మాస్ అనే పేరుతో నిల్వ చేస్తారు. రాయిలా గట్టిగా ఉంటుంది. ఆ దీవి మగవాళ్లు ఎన్నో తరాలుగా దేశదేశాల ఓడల మీద పనిచేస్తున్నారు. ఒక ఇంటి ముసలావిడ తన కొడుకు ఏడాదికి ఒకసారి వస్తాడని చెప్పినప్పుడు నాకు జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ ఇండ్లు గుర్తుకు వచ్చాయి. మన పిల్లలు ఇదే అరేబియా సముద్రం మీదుగా విమానంలో ఎన్నోసార్లు పోయి వచ్చారు గాని దాని నీళ్లు చేతితో ముట్టినవారు తక్కువ.

మోకాలు సహకరించక నాన్నగారు రాలేకపోతే, లేదా అనుమతి ఆలస్యమైతే, దిగులుపడవద్దు. చెన్నై మెరీనా లైట్‌హౌస్‌లో లిఫ్టు ఉంది, విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఉంది, వరంగల్ నుంచి రెండూ ఒక రాత్రి రైలు దూరం. కాని అవి మినికాయ్‌కు బదులు కావు. ఊరి పక్కన నిలబడిన దీపానికి, చుట్టూ వంద కిలోమీటర్లకు పైగా నీళ్లు తప్ప ఏమీ లేని చోట నిలబడిన దీపానికి తేడా ఓడలో పోయినవారికే తెలుస్తుంది.

చివరగా ఒక పని. దీవి నుంచి ఓడకు తిరిగి వచ్చాక భోజనం కోసం తొందరపడకండి. ఓడ చీకటి పడే వేళకు కదిలితే ముగ్గురూ డెక్కు వెనుక వైపు నిలబడండి, అక్కడ నాన్నగారు కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి. దీపం వెలిగి ఆరే మధ్య కాలాన్ని పాపను గడియారం పట్టి లెక్కపెట్టమనండి. ఒక్కొక్క లైట్‌హౌస్‌కు ఒక్కొక్క లెక్క ఉంటుంది, ఏ దీపం ఏదో నావికులు పోల్చుకునేది దానితోనే. ఓడ ఎంత వేగంతో పోతున్నదో సిబ్బందిలో ఎవరినైనా అడిగి, కదిలిన సమయం రాసి పెట్టుకోండి. గంట, గంటంబావు తరువాత దీపం అల మీదికి వచ్చినట్టు, అలలో దిగినట్టు మినుకుమినుకుమంటుంది. ఆ తరువాత దీపం పోయి, ఆకాశంలో దాని వెలుగు తిరగడం మాత్రం కాసేపు కనబడుతుంది. దీపం పోయిన నిమిషాన్ని రాసుకుని, ఓడ కదిలినప్పటి నుంచి అప్పటిదాకా గడిచిన కాలాన్ని వేగంతో గుణించమనండి. నా లెక్కకు 36 కిలోమీటర్లు వచ్చింది, ఆ రోజు గాలిలో కొంచెం మసక ఉంది. మీకు ఎంత వచ్చిందో తిరిగి వచ్చాక తెలియజేయండి.